వేంపల్లె రాతిపొరల్లో, చెనిక్కాయ గింజలో

భారతదేశపు పాత రాళ్ళ గురించి చదువుకున్న భూగర్భ శాస్త్రవేత్తలకు వేంపల్లె పేరు తెలిసే ఉంటుంది. కడప నుంచి పులివెందుల పోయే దారిలో, పాపఘ్ని నది ఒడ్డున ఉన్న ఈ ఊరిని వాళ్ళు చూసి ఉండకపోవచ్చు. శ్రావణ శనివారాల్లో గండి వీరాంజనేయస్వామి దగ్గరికి జనం ఎట్లా పోటెత్తుతారో తెలియకపోవచ్చు. అయినా కడప శిలల్లో అన్నింటికన్నా అడుగున ఉన్నవాటిని వాళ్ళు పాపఘ్ని గ్రూపు అంటారు. అందులో కింది పొర గుల్చేరు క్వార్ట్జైట్, దాని మీది పొర వేంపల్లె ఫార్మేషన్. 1872లో విలియం కింగ్ అనే సర్వే అధికారి కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం రాసినప్పటి నుంచి ఈ ఊరు శాస్త్రంలో ఒక కాలానికి గుర్తుగా నిలిచింది.

అది చాలా పాత కాలం. పులివెందుల దగ్గర, వేంపల్లె పొరలకు పైనున్న తాడిపత్రి పొరల్లోకి కరిగిన రాయి చొచ్చుకొచ్చి గట్టిపడిన ఒక శిల ఉంది. దాని వయసు సుమారు 188 కోట్ల సంవత్సరాలని 2008లో తేల్చారు. వేంపల్లె రాళ్ళు అంతకన్నా పాతవి. అప్పుడు ఇక్కడ ఉన్నది లోతులేని సముద్రం. చెట్టు లేదు, చేప లేదు, పురుగు లేదు. సముద్రపు అడుగున బంకగా పరుచుకొని సూక్ష్మజీవులు బతికేవి. వాటిలో ముఖ్యమైనవి సయనోబాక్టీరియా. అవి ఎండను పట్టి, నీటిలోని కార్బన్ డయాక్సైడును తీసుకొనేవి. ఆ పనితో చుట్టూ ఉన్న నీటి గుణం మారి సున్నపు ఖనిజం పేరుకొనేది. బురద రేణువులు ఆ బంకకు అంటుకొనేవి. మీద ఇంకో పొర, దాని మీద మరో పొర. అట్లా పెరిగిన రాతి దిమ్మెలను స్ట్రోమటోలైట్లు అంటారు. వేంపల్లె డోలోమైట్ రాతిలో గోపురాల్లాగా, స్తంభాల్లాగా కనిపించే గీతల రాళ్ళు ఇవే.

వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం దొరికేది కూడా ఈ వేంపల్లె పొరల్లోనే, ఫాస్ఫేటు కలిసిన డోలోమైట్ రాతిలో. ఈ ప్రాంతపు రాళ్ళ మాట వస్తే అందరూ మాట్లాడేది ఆ గని గురించే. దాని వల్ల చుట్టుపక్కల నీళ్ళకు, నేలకు ఏమవుతున్నదన్నది వేరే పెద్ద కథ, దానికి వేరే పుటలు కావాలి. ఇప్పుడు చెప్పవలసింది ఆ రాయిని కట్టిన జీవుల గురించి, వాటికీ ఇక్కడి చేలల్లో కాసే చెనిక్కాయకూ (వేరుశనగకూ) ఉన్న చుట్టరికం గురించి. ఆ చుట్టరికం పేరు కొవ్వు ఆమ్లం.

జీవానికి గోడ

కొవ్వు అనగానే మనకు నడుము చుట్టుకొలత, గుండె డాక్టరు గుర్తొస్తారు. అది కొవ్వుకు జరిగిన పెద్ద అన్యాయం. కొవ్వు ఆమ్లం లేకపోతే మన శరీరంలో కణమే లేదు.

కొవ్వు ఆమ్లమంటే కర్బన పరమాణువుల పొడుగాటి గొలుసు. మన వంటనూనెల్లో ఎక్కువగా ఉండేవి 16, 18 కర్బనాల గొలుసులు. గొలుసుకు ఒక చివర ఆమ్లపు తల ఉంటుంది, దానికి నీళ్ళంటే ఇష్టం. మిగతా తోకంతా నీటికి దూరంగా జరుగుతుంది. ఇట్లాంటి రెండు గొలుసులను గ్లిసరాల్‌కు తగిలించి, దానికి ఫాస్ఫేటు తల పెడితే ఫాస్ఫోలిపిడ్ తయారవుతుంది. దాన్ని నీళ్ళలో వదిలితే ఎవరూ చెప్పకుండానే తలలు నీటివైపు, తోకలు లోపలివైపు పెట్టుకొని రెండు వరుసల పొరగా ఏర్పడుతుంది. 1925లో హాలండ్‌లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వును తీసి నీటి మీద పరిచి కొలిచారు. అది కణాల పైవైశాల్యానికి రెట్టింపు వచ్చింది. కణపు పొర రెండు వరుసలదని అట్లా తెలిసింది. దాని మందం ఒక మిల్లీమీటరులో రెండు లక్షలవ వంతు. లోపల ప్రాణం, బయట లోకం, మధ్యలో ఈ పొర. వేంపల్లె సముద్రంలోని సయనోబాక్టీరియాకూ ఇట్లాంటి రెండు వరుసల పొరే, పాపఘ్ని ఒడ్డున దున్నుతున్న రైతు కండలోనూ ఇట్లాంటి పొరే.

అయితే ఈ గోడ గట్టిపడితే పనికిరాదు. పోషకాలు లోపలికి రావాలి, వ్యర్థాలు బయటికి పోవాలి, పొరలోని ప్రోటీన్లు కదలాలి. అందుకే పొర ఎప్పుడూ కొంచెం జారుడుగా ఉండాలి. ఆ జారుడును నిర్ణయించేది గొలుసులో ఉండే ద్విబంధం, అంటే రెండు కర్బనాల మధ్య ఉండే జంట ముడి. ద్విబంధం లేని గొలుసు నిటారుగా ఉంటుంది. ఒకటి ఉంటే అక్కడ వంపు తిరుగుతుంది. తిన్నటి కట్టెలను మోపు కడితే బిగువుగా కూర్చుంటాయి, వంకర కొమ్మలు కలిస్తే మోపు వదులవుతుంది. ఇక్కడా అదే జరుగుతుంది. లెక్క చూడండి: 18 కర్బనాల స్టియరిక్ ఆమ్లంలో ద్విబంధం లేదు, అది కరగాలంటే దాదాపు 70 డిగ్రీల వేడి కావాలి. అదే 18 కర్బనాలకు ఒక్క ద్విబంధం చేరితే ఒలీయిక్ ఆమ్లం, అది 13 డిగ్రీలకే కరుగుతుంది. రెండో ద్విబంధం చేరితే లినోలీయిక్ ఆమ్లం, అది మైనస్ 5 డిగ్రీల దగ్గర కూడా ద్రవమే. పొడవు మారలేదు, కర్బనాలు మారలేదు. ఒకటి రెండు చోట్ల రెండేసి హైడ్రోజన్లు తీసేసినందుకే రాయిలాంటిది నూనె అయింది.

ఆ హైడ్రోజన్లను తీసే ఎంజైమ్‌లను డీశాచురేజ్‌లు అంటారు. అవి ఇనుమును పట్టుకొని ఉంటాయి, పని చెయ్యాలంటే వాటికి ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ లేకుండా ద్విబంధం పెట్టుకొనే దారి కొన్ని బాక్టీరియాకు ఉంది. కానీ సయనోబాక్టీరియా, మొక్కలు, జంతువులు, మనం ప్రధానంగా నడిచేది ఆక్సిజన్ దారిలోనే. భూమి గాలిలోకి ఆక్సిజన్ చెప్పుకోదగ్గంతగా వచ్చింది సుమారు 240 కోట్ల ఏళ్ళ కింద. తెచ్చినవి సయనోబాక్టీరియానే. అంటే వేంపల్లె రాళ్ళు పేరుకొన్న నాటికి ఆ ఆక్సిజన్ గాలిలో ఉంది, ఇప్పటికన్నా ఎంతో తక్కువగానే అయినా. ఆ జీవుల కొవ్వు ఆమ్లాలు రాతిలో మిగిలి లేవు, అవి అంతకాలం నిలిచే పదార్థాలు కావు. వాటి వారసులు మాత్రం ఇప్పటికీ మన చెరువుల్లో ఉన్నాయి. 1990లో జపాన్ శాస్త్రవేత్త నోరియో మురాటా బృందం ఒక సయనోబాక్టీరియాలోకి మరో దాని డీశాచురేజ్ జన్యువును పంపింది. చలికి తట్టుకోలేని ఆ జీవి చలిని ఓర్చుకొంది. ప్రాణం నిలవడానికీ పోవడానికీ మధ్య ఒక్క ద్విబంధం ఉందని ఆ ప్రయోగం చూపింది.

ఎర్రనేల నూనెబావి

ఇప్పుడు రాతి మీది నేలకు వద్దాం. వేంపల్లె, పులివెందుల చుట్టూ నీళ్ళున్నచోట చీనీ తోటలు, అరటి తోటలు వచ్చాయి. అయినా రాయలసీమ మెట్ట సేద్యం పేరెత్తితే ముందు నోటికి వచ్చేది చెనిక్కాయే. తొలకరికి విత్తనం వేస్తారు. పూత వచ్చాక ఊడలు నేలలోకి దిగుతాయి, ఆ సమయంలో జిప్సం వేస్తారు. వాన ముఖం చాటేస్తే ఊడలు గట్టి నేలలోకి దిగలేక పైనే ఎండిపోతాయి. దిగినవి కాయలై గింజ ఊరడం మొదలుపెడతాయి. వెలుగు లేని ఆ మట్టి కింద ఏమి జరుగుతుందో తెలిస్తే, పెరికిన చెట్టును చూసే చూపే మారిపోతుంది.

ఆకులో తయారైన చక్కెర గింజలోకి దిగుతుంది. గింజ కణాలు దాన్ని రెండు కర్బనాల ముక్కలుగా విరుస్తాయి. కొవ్వు ఆమ్లాన్ని కట్టే యంత్రం ఆ ముక్కలను ఒకదాని తర్వాత ఒకటి జోడిస్తూ పోతుంది. రెండు, నాలుగు, ఆరు, ఇట్లా 16 లేక 18 దగ్గర ఆగుతుంది. మన నూనెల్లో కొవ్వు ఆమ్లాల కర్బనాలు దాదాపు ఎప్పుడూ సరి సంఖ్యలో ఉండేది ఇందుకే. 18 కర్బనాల గొలుసుకు ఒక డీశాచురేజ్ మొదటి ద్విబంధం పెట్టి ఒలీయిక్ ఆమ్లం చేస్తుంది. తర్వాత ఫ్యాడ్2 అనే ఇంకో డీశాచురేజ్ దానిలో కొంత భాగానికి రెండో ద్విబంధం పెట్టి లినోలీయిక్ చేస్తుంది. మూడేసి గొలుసులను గ్లిసరాల్‌కు కట్టి, చిన్న చిన్న నూనె బొట్లుగా గింజ దాచుకొంటుంది. ఎండిన గింజలో దాదాపు సగం బరువు నూనెదే.

మామూలు చెనిక్కాయ నూనెలో ఒలీయిక్ నూటికి 40 నుంచి 50 పాళ్ళు, లినోలీయిక్ 30 పాళ్ళ చిల్లర, 16 కర్బనాల పామిటిక్ 10 పాళ్ళ పైన. గింజ ఊరే రోజుల్లో ఎండలు మండితే ఒలీయిక్ పెరిగి లినోలీయిక్ తగ్గుతుంది. సీమ ఎండ నూనె రుచిలోనే కాదు, దాని రసాయనంలోనూ ఉంది. ఇవికాక 20, 22, 24 కర్బనాల నిటారు గొలుసులు కొద్దిగా ఉంటాయి. చలి తగిలితే చెనిక్కాయ నూనె సీసా అడుగు మసకబారేది వీటివల్లే. నూనె చెడిపోయిందని పారబోయనక్కర్లేదు. కల్తీని పట్టే బెలియర్ పరీక్ష కూడా ఈ గొలుసుల మీదే ఆధారపడింది. అసలైన చెనిక్కాయ నూనె ఆ పరీక్షలో 39 నుంచి 41 డిగ్రీల మధ్య మసకబారాలని ప్రభుత్వ ప్రమాణం.

గింజ ఈ నూనె దాచుకొన్నది మన కోసం కాదు. నేలలో పడి మొలకెత్తేటప్పుడు ఎండ చేతికందదు. అప్పుడు ఆ నూనెను మళ్ళీ రెండేసి కర్బనాలుగా విరిచి, ఆ ముక్కలతో చక్కెర చేసుకొని, వేరూ మొలకా కట్టుకొంటుంది. కొవ్వు ఆమ్లం నుంచి చక్కెర చేసే ఈ విద్యను గ్లయాక్సిలేట్ చక్రం అంటారు. 1957లో కోర్న్‌బెర్గ్, క్రెబ్స్ దీన్ని వివరించారు. ఇది మొలకెత్తే గింజకు వచ్చు, మనకు రాదు.

మన ఒంట్లో జరిగేది దానిలో మొదటి సగమే. కొవ్వు ఆమ్లాన్ని రెండేసి కర్బనాలుగా విరుస్తామని 1904లో జర్మనీలో ఫ్రాన్జ్ నూప్ కుక్కల మీద ప్రయోగాలతో చూపించాడు. ఆ ముక్కలను కణంలోని మైటోకాండ్రియా కాల్చి కణానికి శక్తినిచ్చే అణువు ఏటీపీని తయారుచేస్తుంది. 16 కర్బనాల ఒక్క పామిటిక్ అణువు నుంచి 106 ఏటీపీలు మిగులుతాయి. గ్లూకోజు అణువు నుంచి వచ్చేవి 30, 32. గుండె కండ రాత్రింబవళ్ళు కొట్టుకోవడానికి కావలసిన శక్తిలో ఎక్కువ భాగం కొవ్వు ఆమ్లాలదే. ఈ ఏటీపీని 1929లో కనుగొన్నవాళ్ళలో మన ఎల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారని ప్రతి తెలుగు పిల్లవాడికీ చెప్పాలి. 1895లో భీమవరంలో పుట్టి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో పనిచేశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. అంతకుముందు, 1925లో ఫిస్కే, సుబ్బారావు ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ఇచ్చారు. కణపొరల్లోని ఫాస్ఫోలిపిడ్లను లెక్కించడానికి ప్రపంచమంతటా ప్రయోగశాలలు తరతరాలుగా వాడిన పద్ధతులకు అదే పునాది.

1929లోనే ఇంకొకటి జరిగింది. అమెరికాలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ దంపతులు ఎలుకలకు కొవ్వు బొత్తిగా లేని తిండి పెట్టారు. అవి ఎదగలేదు, చర్మం పొలుసులు లేచింది. తర్వాత లినోలీయిక్ ఆమ్లం ఇస్తే కోలుకున్నాయి. కారణం ఫ్యాడ్2 లాంటి ఎంజైమ్ మనకు గానీ ఎలుకలకు గానీ లేకపోవడం. ఒలీయిక్ వరకు మన శరీరం స్వయంగా చేసుకోగలదు, ఆ చోట రెండో ద్విబంధం పెట్టడం చేతకాదు. చెనిక్కాయ, నువ్వు, పొద్దుతిరుగుడు మన కోసం ఆ పని చేసి పెట్టాలి. అట్లా వచ్చిన లినోలీయిక్‌ను పొడిగించి మన కణాలు అరాకిడోనిక్ ఆమ్లం చేస్తాయి, దాని నుంచి ప్రోస్టాగ్లాండిన్లు. దెబ్బ తగిలినచోట వాపు, నొప్పి, జ్వరం వాటి పనే. ఆస్పిరిన్ ఆపేది వాటి తయారీనే అని 1971లో జాన్ వేన్ కనిపెట్టాడు. 1982 నోబెల్ ఆయనకూ మరి ఇద్దరికీ ఇచ్చారు.

నిల్వ కష్టం

ద్విబంధం పుట్టడానికి సాయపడిన ఆక్సిజనే దాన్ని తినేస్తుంది. రెండు ద్విబంధాల మధ్య ఉన్న కర్బనం బలహీనమైన చోటు. అక్కడి హైడ్రోజన్ ఊడితే ఆక్సిజన్ వచ్చి తగులుకొంటుంది, అది పక్క గొలుసును చెడగొడుతుంది. అందుకే లినోలీయిక్ ఒలీయిక్ కన్నా ఎన్నో రెట్లు వేగంగా చెడిపోతుంది. పాత చెనిక్కాయ పప్పులో చేదు, పాత నూనెలో కంపు దీనివల్లే. విత్తనం కాయలను ఒలవకుండా కాయగానే దాచి, విత్తే ముందు ఒలిచే మన పెద్దల అలవాటు వెనక ఉన్న శాస్త్రం ఇదే. ఒలిచిన గింజలో గాలి, దెబ్బ, పురుగు కలిసి నూనెనూ కణపొరలనూ పాడుచేస్తాయి. పొర పాడైన విత్తనం మొలవదు.

నిల్వ కష్టాల్లో అన్నింటికన్నా భయంకరమైనది అఫ్లాటాక్సిన్. పంట చివర్లో వాన లేక కాయ నేలలో ఎండితే ఆస్పర్జిల్లస్ బూజు పడుతుంది. పెరికిన కాయ తడిసినా అంతే. ఆ బూజు తన విషాన్ని కట్టడం మొదలుపెట్టేది ఆరు కర్బనాల కొవ్వు ఆమ్లపు ముక్కతోనే, కొవ్వు ఆమ్లాన్ని కట్టే యంత్రం లాంటిదాన్నే వాడుకొని. ఇది కాలేయానికి క్యాన్సర్ తెచ్చే విషం, వేయించినా పూర్తిగా పోదు. బూజు పట్టిన, ముడుచుకుపోయిన గింజలను ఏరి పారెయ్యాలి, గానుగకు పంపకూడదు. చెక్కగా ఎనుములకు పెట్టినా విషం పాలలోకి వస్తుంది. ఈ మాటను ఎన్నిసార్లు చెప్పినా తప్పులేదు.

గానుగ మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. చెక్క గానుగ నూనెకు ఇప్పుడు మళ్ళీ గిరాకీ వచ్చింది, మంచిదే. దాని వాసన, రంగు, విటమిన్ ఇ రిఫైన్డ్ నూనెలో అంతగా మిగలవు. హైదరాబాదు ప్రాంతీయ పరిశోధనాశాలలో నూనెల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన కె.టి. అచ్చయ గానుగ చరిత్ర మీద ఒక పుస్తకమే రాశారు. అయితే అదే చెనిక్కాయను గానుగలో ఆడినా, మిల్లులో తీసి శుద్ధి చేసినా కొవ్వు ఆమ్లాల పాళ్ళు దాదాపు ఒకటే. గానుగ నూనె గుండెజబ్బుకు మందు అని అమ్మేవాళ్ళను నమ్మొద్దు. డాల్డాది వేరే సంగతి. అక్కడ నికెల్ సాయంతో హైడ్రోజన్ ఎక్కించి ద్విబంధాలను తీసేస్తారు. మిగిలినవి కొన్ని వంపు పోయి ట్రాన్స్ రూపంలోకి మారతాయి, గుండెకు చేటు చేసేవి అవే. 2022 జనవరి 1 నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు నూటికి 2 పాళ్ళు మించకూడదని నిబంధన.

చెనిక్కాయ నూనెలో దాదాపు లేనిది మూడు ద్విబంధాల లినోలెనిక్ ఆమ్లం, అంటే ఒమేగా-3 కుటుంబంలో మొదటిది. మెదడుకు, కంటికి ఆ కుటుంబం కావాలి. సముద్రం దూరమైన ఊళ్ళో చేప రోజూ దొరకదు. కానీ చేల గట్ల మీద కలుపుగా పెరిగే గంగవాయిల ఆకులో అది ఉంది. ఆకుకూరల్లో దీన్ని ఎక్కువగా ఇచ్చేవాటిలో గంగవాయిల ఒకటని శాస్త్రవేత్తలు లెక్కతేల్చారు. రాగి సంగటి, గంగవాయిల పప్పు, పక్కన చెనిక్కాయల ఊరిమిండి కలిసిన పళ్ళెంలో మనకు కావలసిన రెండు రకాల కొవ్వు ఆమ్లాలూ ఉన్నాయి. పాకెట్ నూనె ప్రకటనలు చూసి దాన్ని చిన్నచూపు చూడడం నాకు బాధగా ఉంటుంది.

ఇక చెనిక్కాయ భవిష్యత్తు ఫ్యాడ్2 జన్యువు చుట్టూ తిరుగుతున్నది. 1987లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంవాళ్ళు ఎఫ్435 అనే ఒక రకాన్ని గుర్తించారు. దాని నూనెలో ఒలీయిక్ 80 పాళ్ళు, లినోలీయిక్ 2 పాళ్ళే. చెనిక్కాయ రెండు అడవి జాతుల కలయికలో పుట్టిన పంట కాబట్టి ఫ్యాడ్2 జన్యువు రెండు ప్రతులుగా ఉంటుంది. ఆ రకంలో రెండూ చెడిపోయాయి. ఆ వంశపు సన్‌ఒలీక్ 95ఆర్ రకాన్ని మన రకాలతో కలిపి, పటాన్‌చెరు ఇక్రిశాట్, జునాగఢ్ వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి గిర్నార్ 4, గిర్నార్ 5 రకాలను తెచ్చాయి. వాటిలోనూ ఒలీయిక్ 80 పాళ్ళ దాకా ఉంటుంది. పప్పు నెలల తరబడి చెడదు కాబట్టి చిక్కీలు, వేయించిన పప్పు చేసేవాళ్ళకు ఇది వరం. లినోలీయిక్ తగ్గినందుకు భయపడనక్కర్లేదు, శరీరానికి కావలసింది కొంచెమే, మిగతా తిండిలో దొరుకుతుంది.

ఇటు కదిరి పరిశోధనా స్థానం సీమ ఎండకు, సీమ నేలకు తగిన రకాలను తయారుచేస్తూ వచ్చింది. 2005లో వచ్చిన కదిరి-6 ఎంతగా పాకిందంటే, చాలామంది రైతులకు చెనిక్కాయ విత్తనమంటే కె-6 అనే. తర్వాత వచ్చిన కదిరి లేపాక్షి బెట్టను ఓర్చుకొని ఎక్కువ కాయలు కాస్తుందని పేరు తెచ్చుకుంది. బెట్టను తట్టుకొనే కదిరి వంశంలోకి చెడిపోని నూనె గుణాన్ని కలపడమే ఇక మీద జరగవలసిన పని. అది జరిగినా రైతుకు మిగిలేదేమిటన్నది వేరే ప్రశ్న. మార్కెట్ యార్డులో కాయను తేమ, తూకం, పప్పు దిగుబడి చూసి కొంటారు. ఒలీయిక్ పాళ్ళు ఎంతో ఎవరూ అడగరు. కొలిచే తెలివి లేక కాదు. అనంతపురంలో నూనెల పరిశోధనకే పెట్టిన సంస్థ ఉంది. ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది, వేలమంది పిల్లలు అక్కడ ఇంజినీరింగు చదువుతున్నారు. గింజను పగలగొట్టకుండా కాంతితో ఒలీయిక్‌ను కొలిచే యంత్రాలు విత్తన పరిశోధనలో ఎప్పటినుంచో ఉన్నాయి. యార్డుకొక యంత్రం, ఒలీయిక్ పాళ్ళకు తగ్గ ధర అడగడం వేంపల్లె రైతుకు గొంతెమ్మ కోరిక కాదు. కొనే కంపెనీలు ఎట్లాగూ తమ ప్రయోగశాలల్లో కొలుచుకొంటాయి. ఆ లెక్క అమ్మేవాడి ముందు, కాటా దగ్గరే జరగాలి.